లోపలి నుంచి వచ్చిన ఫోను

2011 వేసవిలో ఒక శుక్రవారం రాత్రి. పదకొండు దాటింది. కూకట్‌పల్లిలో మా డాబా మీద లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, మాదాపూర్‌లో ఉన్న ఆఫీసు రౌటర్‌లో చిన్న మార్పు చేస్తున్నాను. చిన్న కంపెనీ కాబట్టి ఫైర్‌వాల్ పని కూడా ఆ రౌటర్‌కే అప్పగించాం. ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆఫీసులో నా బల్ల మీది కంప్యూటర్‌లోకి దూరడం, అందులోంచి రౌటర్‌లోకి వెళ్ళడం నాకు రోజూ అలవాటే. ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో చెప్పే జాబితా ఒకటి రౌటర్‌లో ఉంటుంది. యంత్రం దాన్ని పై నుంచి కిందికి చదువుతుంది. సరిపడే మొదటి వాక్యం దొరగ్గానే ఇక కిందికి చూడదు. 'ఎవరొచ్చినా ఆపు' అనే వాక్యం అందుకే అన్నిటికన్నా అడుగున ఉండాలి. నిద్రమత్తులో నేను దాన్ని నెత్తిన పెట్టి ఎంటర్ కొట్టాను.

కర్సర్ మిణుకుమనడం ఆగిపోయింది. మౌస్ కదిపితే అవతల బాణం కదల్లేదు. కూర్చున్న కొమ్మనే నరుక్కున్నానని అర్థం కావడానికి ఓ అరనిమిషం పట్టింది.

తెర మీది ఆ విండో మూసి మళ్ళీ కనెక్ట్ నొక్కాను. చాలాసేపు ఏమీ లేదు, తర్వాత 'కనెక్ట్ కాలేకపోయాం' అని సందేశం. ఇంకోసారి నొక్కి ఈసారి గడియారం చూశాను: 21 సెకన్లు. ఆ అంకె ఊరికే రాలేదు. అప్పటి నా విండోస్ 7 లాప్‌టాప్ 'మాట్లాడదామా?' అని ఒక ప్యాకెట్, అంటే చిన్న డేటా మూట, పంపి 3 సెకన్లు చూసేది. జవాబు లేకపోతే మళ్ళీ పంపి 6 సెకన్లు, ఇంకోసారి పంపి 12 సెకన్లు. అన్నీ కూడితే 21. అవతల యంత్రం ఉండి, మనం అడిగిన తలుపు మూసి ఉంటే 'ఇక్కడెవరూ లేరు' అన్న జవాబు వెంటనే వచ్చేస్తుంది. పూర్తి మౌనం అంటే, చాలాసార్లు దారిలో ఎవరో ప్యాకెట్‌ను మింగేస్తున్నారు. చాలా ఫైర్‌వాళ్ళ పద్ధతి అదే. కుదరదని కూడా చెప్పవు. కుదరదంటే అక్కడ ఒకరున్నారని బయటివాడికి చెప్పినట్టే కదా! నెట్‌వర్క్ పనివాళ్ళకు ఈ ఆలస్యం నాడి లాంటిది. వెంటనే కాదంటే జబ్బు కంప్యూటర్‌లో, 21 సెకన్లు పడితే జబ్బు చాలావరకు దారిలో.

ఆ మౌనం ఎలా పుట్టిందో, దాన్ని దాటడానికి జనం ఎన్ని దారులు వెతికారో చెబుతాను. నా రౌటర్ సంగతి కాసేపు అలా ఉండనివ్వండి. ఆ రాత్రి నేను చేయగలిగిందీ అదే.

దూరాన ఉన్న కంప్యూటర్ తెరను మన తెర మీద చూడటం, మన మౌస్ కదలికలను అక్కడికి పంపడం: రిమోట్ డెస్క్‌టాప్ పని ఇంతే. ఒక ఫుల్ హెచ్‌డీ తెరలో 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్క రంగుకు మూడు బైట్లు వేసుకుంటే ఒక్క బొమ్మకే 62 లక్షల బైట్లు దాటుతుంది. సెకనుకు ముప్ఫై బొమ్మలు ఉన్నవి ఉన్నట్టు పంపాలంటే మామూలు లైను చాలదు. కాబట్టి మారిన ముక్కలనే, వాటినీ కుదించి పంపుతారు. కేంబ్రిడ్జ్‌లోని ఒలివెట్టి పరిశోధనాశాలలో పుట్టి 1998లో అందరికీ ఉచితంగా వచ్చిన వీఎన్‌సీ ఆ పద్ధతికి మంచి ఉదాహరణ. దాన్ని తయారుచేసిన బృందంలోని క్వెంటిన్ స్టాఫోర్డ్-ఫ్రేజర్ అంతకు ముందు, 1991లో, ఇంకో ఘనకార్యంలో పాలుపంచుకున్నాడు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ కంప్యూటర్ విభాగంలో ఒక గదిలో కాఫీ కాచే పాత్ర ఉండేది. అంత దూరం నడిచి వెళ్ళాక అది ఖాళీగా కనబడితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. దానికి కెమెరా పెట్టి, ఎవరి బల్ల దగ్గర వాళ్ళకు పాత్ర బొమ్మ కనబడేలా ఇద్దరు కలిసి ప్రోగ్రాం రాశారు, ఆ ఇద్దరిలో ఇతనొకడు. దూరంగా ఉన్నదాన్ని కూర్చున్న చోటే చూడాలన్న కోరికకు కాఫీ మించిన ప్రేరణ ఏముంటుంది?

అదే 1998లో మైక్రోసాఫ్ట్ తన విండోస్ ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్‌తో పాటు ఆర్‌డీపీ అనే తన పద్ధతిని తెచ్చింది. మన ఆఫీసుల్లో 'రిమోట్ తీసుకున్నా' అన్నప్పుడు వెనక ఎక్కువగా నడిచేది ఇదే. దీని తలుపు నంబరు 3389.

తలుపు నంబరంటే పోర్టు. ఒక కంప్యూటర్‌కు వచ్చే ప్యాకెట్ మీద రెండు విషయాలుంటాయి: ఏ యంత్రానికి, ఆ యంత్రంలో ఏ ప్రోగ్రాముకు. రెండోదానికి 16 బిట్ల చోటు ఇచ్చారు, కాబట్టి 65,535 దాకా నంబర్లు. వెబ్‌కు 80, తాళం వేసిన వెబ్‌కు 443, వీఎన్‌సీకి 5900, ఎస్‌ఎస్‌హెచ్‌కు 22. ఈ నంబర్లు ఒక ఒప్పందం, అంతే. 22 నంబరు కథ చూడండి. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డులు దొంగిలించారు. అక్కడ పనిచేసే తాతు యూలనెన్ ఆ బాధకు విరుగుడుగా, సంభాషణకు తాళం వేసే ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. ఫైళ్ళు పంపే పాత పద్ధతిది 21, దూరం నుంచి లాగిన్ అయ్యే టెల్‌నెట్‌ది 23. ఆ రెంటి బదులూ తనది రావాలని అతని ఆశ. మధ్యలో ఖాళీగా ఉన్న 22 కావాలని నంబర్లు ఇచ్చేవాళ్ళకు ఈమెయిల్ రాస్తే, ఇచ్చేశారు. అప్పట్లో ఇంటర్నెట్ అంత చిన్న ఊరు.

ఊరు చిన్నదైనప్పుడు ఇళ్ళకు గొళ్ళేలు ఉండవు. 1988 నవంబర్ 2న రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన పురుగు, అప్పటి అంచనా ప్రకారం సుమారు 6 వేల యంత్రాలను కుదేలు చేసేదాకా గోడ గురించి పెద్దగా ఎవరూ ఆలోచించలేదు. ఆ తర్వాత వచ్చిన తొలి ఫైర్‌వాళ్ళు ప్యాకెట్ మీది చిరునామానూ పోర్టు నంబరునూ చూసి వదలడమో, పారేయడమో చేసేవి. ఒక ప్యాకెట్ చూశాక దాన్ని మరిచిపోయేవి. మా రౌటర్ ఆ పాత బాపతుకు కాస్త మెరుగు, అంతకు మించి కాదు.

1994లో ఇజ్రాయెల్ కంపెనీ చెక్‌పాయింట్ తెచ్చిన ఫైర్‌వాల్-1 ఒక్క మార్పుతో పరిస్థితి మార్చేసింది: దానికి జ్ఞాపకం ఉంది. మన అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర రిజిస్టరు పెట్టుకున్న వాచ్‌మన్‌ను తలచుకోండి. 402 వాళ్ళే ఫోన్ చేసి పిజ్జా తెప్పించుకున్నారనుకోండి, ఆ కుర్రాడు వస్తే లోపలికి పంపుతాడు. ఎవరూ పిలవకుండా వచ్చిన సేల్స్‌మన్‌ను గేటు దగ్గరే ఆపుతాడు. ఫైర్‌వాల్ కూడా లోపలి నుంచి బయటికి వెళ్ళిన ప్రతి పలకరింపునూ రాసుకుంటుంది: ఎవరు, ఏ పోర్టు నుంచి, ఎవరిని. బయటి నుంచి వచ్చిన ప్యాకెట్ ఆ పలకరింపుకు జవాబైతే దారి ఇస్తుంది. లేకపోతే మింగేస్తుంది. ఎంత ఖరీదైన ఫైర్‌వాల్ అయినా మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ముందు పలకరించింది ఎవరు?

అదే ఏడాది మే నెలలో ఇంకో ఏర్పాటు కూడా కాగితం మీదికి వచ్చింది. ఇంటర్నెట్ చిరునామాలు 32 బిట్లవి, కాబట్టి మొత్తం 429 కోట్లు. అవి చాలవని అప్పటికే తెలిసిపోయింది. దాంతో ఒక ఆఫీసులోని యంత్రాలన్నీ లోపల సొంత నంబర్లు పెట్టుకుని, బయటికి మాత్రం ఒకే చిరునామాతో కనబడే నాట్ అనే పద్ధతి పుట్టింది. ఆఫీసుల్లో ఈపీఏబీఎక్స్ వాడినవాళ్ళకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. లోపలివాడు సున్నా నొక్కి లోకంలో ఎవరికైనా ఫోన్ చేసుకోవచ్చు. బయటివాడికి తెలిసేది బోర్డు నంబరొక్కటే. 214లో ఉన్న సుబ్బారావు గారు కావాలంటే ఆపరేటరుకు చెప్పాలి, ఆపరేటరు ఇంటికి వెళ్ళిపోతే అంతే సంగతులు. నాట్‌ను భద్రత కోసం కనిపెట్టలేదు. అయినా ఫలితం అలాగే వచ్చింది. మీ ఇంటి వైఫై పెట్టెలో ఇప్పుడు నడుస్తున్నదీ అదే.

కాబట్టి రిమోట్ డెస్క్‌టాప్‌కు చిక్కు దాని స్వభావంలోనే ఉంది. పని అవసరం ఉన్నవాడు బయట ఉంటాడు, యంత్రం లోపల ఉంటుంది, పలకరింపు బయటి నుంచి మొదలు కావాలి. గోడ సరిగ్గా దాన్నే ఆపుతుంది.

మొదటి తరం ఉపాయాలు తలుపు నంబరుతో ఆడుకున్నాయి. కంపెనీలో ఏది మూసినా 443 మూయరు, మూస్తే బ్యాంకు సైటూ తెరుచుకోదు, జీతం స్లిప్పూ రాదు. మరి తిరగేసి, ఆఫీసులోంచి ఇంటిని చూడాలనుకున్నవాడు ఇంటి దగ్గర రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్‌ను 3389 మీద కాక 443 మీద కూర్చోబెడితే? చాలాకాలం పనిచేసింది. ఆఫీసులో కూర్చుని ఇంటి కంప్యూటర్ చూసుకునేవాళ్ళు అలాగే చూసుకున్నారు. బయటికి వెళ్ళే ప్రతిదీ ప్రాక్సీ అనే మధ్యవర్తి ద్వారానే వెళ్ళాలన్న కంపెనీల్లోనూ సందు దొరికింది. తాళం వేసిన వెబ్ పేజీని ప్రాక్సీ చదవలేదు. అందుకని దానికి 'కనెక్ట్' అని ఒక ఆజ్ఞ నేర్పారు: ఫలానా చోటికి గొట్టం వెయ్యి, లోపల ఏం పారుతుందో నీకు అనవసరం. గొట్టం వేశాక అందులో పారేది వెబ్ పేజీయే కావాలన్న నిర్బంధమేమీ లేదుగా!

అప్పుడు ఫైర్‌వాళ్ళు నంబరు చూడటం మాని ముఖం చూడటం నేర్చుకున్నాయి. ఇక్కడ కాస్త దగ్గరగా చూద్దాం. ప్రతి పద్ధతీ నోరు తెరవగానే తన యాస బయటపెడుతుంది. వీఎన్‌సీ సర్వర్‌కు కనెక్ట్ అవగానే అది పంపే మొదటి పన్నెండు బైట్లలో 'ఆర్ ఎఫ్ బీ 003.008' అని స్పష్టంగా, ఏ తాళమూ లేకుండా ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ అయితే 'ఎస్ ఎస్ హెచ్-2.0' అంటుంది. ఆర్‌డీపీ ఇంకా అమాయకురాలు. దాని తొలి ప్యాకెట్ 3, 0 అనే రెండు బైట్లతో మొదలవుతుంది, ఆ వెనకే చాలాసార్లు 'కుకీ: ఎంఎస్‌టీఎస్‌హాష్=' అని రాసి, పక్కన లాగిన్ అవబోయే మనిషి యూజర్ పేరు కూడా పెడుతుంది. తాళం పడేది ఆ తర్వాతే. అసలైన తాళం వెబ్, అంటే టీఎల్ఎస్, మొదటి బైటు 22. అంటే 443 తలుపు దగ్గరికి వచ్చినవాడు 22 అనకుండా 3 అన్నాడంటే, గుడికి వెళ్తున్నానని చెప్పి చేతిలో సినిమా టికెట్టు పట్టుకున్నట్టే. ఒక్క బైటు చాలు పట్టుకోవడానికి.

దీనికి జవాబు కూడా సూటిగానే వచ్చింది: యాస దాచాలంటే నిజంగానే 22తో మొదలుపెట్టి, అసలు సంభాషణను ఆ తాళం లోపల పెట్టాలి. దొంగలు కాదు, మైక్రోసాఫ్టే ఈ పని అధికారికంగా చేసింది. విండోస్ సర్వర్ 2008లో టీఎస్ గేట్‌వే అనే పనివాణ్ణి తెచ్చి గోడ అంచున నిలబెట్టింది, తర్వాత దాని పేరు ఆర్‌డీ గేట్‌వే అయింది. బయటివాడు 443 మీద మామూలు తాళం వెబ్ లాగే గేట్‌వేను పలకరిస్తాడు, ఎవరో నిరూపించుకుంటాడు, గేట్‌వే లోపలి యంత్రపు 3389కి తాను వెళ్ళి కలుపుతుంది. బయటి లోకానికి 3389 కనబడనే కనబడదు.

గోడ ఊరుకుంటుందా? పెద్ద కంపెనీలు ఇప్పుడు ఉత్తరాన్ని ఆవిరి పట్టి తెరిచి, చదివి, మళ్ళీ జిగురు అంటించి పంపుతున్నాయి. ఉద్యోగి లాప్‌టాప్‌లో కంపెనీ తన సొంత ధ్రువపత్రం ఒకటి ముందే పెడుతుంది. మీరు ఏ సైటుకు వెళ్ళినా మధ్యలో ప్రాక్సీయే ఆ సైటు వేషం వేసి మీకు తాళం ఇస్తుంది, అవతల సైటుకు మీ వేషం వేస్తుంది. మధ్యలో అంతా దానికి తేటతెల్లం. అనుమానం ఉంటే బ్రౌజర్‌లో చిరునామా పక్కనున్న గుర్తు నొక్కి ధ్రువపత్రం ఎవరిచ్చారో చూడండి. మీ కంపెనీ పేరు కనబడితే సంగతి అర్థమైనట్టే. అవతలి ధ్రువపత్రం ఫలానాదే కావాలని పట్టుబట్టే ప్రోగ్రాములు మాత్రం అలాంటి చోట అలిగి పనిచేయడం మానేస్తాయి.

తెరవకపోయినా తెలిసిపోయేవి కొన్ని ఉన్నాయి. వెబ్ చూసేవాడి రాకపోకలకు ఒక నడక ఉంటుంది: చిన్న ప్రశ్న వెళ్తుంది, పెద్ద జవాబు వస్తుంది, కాసేపు నిశ్శబ్దం. ఆఫీసు యంత్రపు తెరను బయటివాడు చూస్తున్నప్పుడు తెర బొమ్మలు లోపలి నుంచి బయటికి పారుతాయి, ప్రవాహం తిరగబడుతుంది. ఒకే కనెక్షన్ మూడు గంటలపాటు తెగకుండా, బయటికి ఎక్కువ, లోపలికి తక్కువ పారుతుంటే, తాళం తీయకుండానే అనుభవమున్న అడ్మిన్ అనుమానిస్తాడు. మా సీనియర్ ఒకాయన గ్రాఫు చూసి, 'ఇది బ్రౌజింగ్ కాదమ్మా, ఎవరో బండి తోలుతున్నారు' అనేవాడు.

ఈ దాగుడుమూతలన్నిటికన్నా తెలివైన ఉపాయం వేరే ఉంది. అది గోడతో పోట్లాడదు. ముందు పలకరించింది ఎవరన్న ప్రశ్నకు గోడ కోరుకునే జవాబే ఇస్తుంది.

మధ్యవయసు దాటినవాళ్ళకు పీపీ నంబరు గుర్తుండాలి. ఇంట్లో ఫోన్ లేనివాళ్ళు విజిటింగ్ కార్డు మీద పక్కింటి నంబరు వేయించుకుని పక్కన 'పి.పి.' అని రాసుకునేవారు. బొంబాయిలో ఉన్న కొడుకు పక్కింటికి ఫోన్ చేసేవాడు, పక్కింటి పిల్లవాడు గోడ మీద నుంచి కేకేస్తే తల్లి వెళ్ళి మాట్లాడేది. రిమోట్ డెస్క్‌టాప్ కంపెనీలు కట్టింది ఈ పక్కిల్లే. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో పుట్టి, తర్వాత సిట్రిక్స్ కంపెనీ చేతికి వెళ్ళిన గోటుమైపీసీలో, ఆఫీసు యంత్రం మీద ఒక చిన్న ప్రోగ్రాం కూర్చుని ఉండేది. 'నాకేమైనా ఫోనొచ్చిందా?' అని అది ఉండుండి బయటి సర్వర్‌ను అడుగుతూ ఉండేది. ఆ అడగటం మామూలు వెబ్ రాకపోకలాగే, లోపలి నుంచి బయటికి. ఇంట్లో ఉన్న ఉద్యోగి కూడా అదే సర్వర్‌కు వచ్చేవాడు. ఇద్దరూ ఎవరి ఇంట్లోంచి వాళ్ళు బయటికి వచ్చినవాళ్ళే. లోపలికి ఎవరూ రాలేదు. రెండు గోడలూ తమ రిజిస్టర్లు చూసుకుని, పద్ధతి ప్రకారమే ఉందని ఊరుకున్నాయి.

2005లో జర్మనీలోని గోపింగెన్‌లో మొదలైన టీమ్‌వ్యూయర్ దీన్ని ఇంటింటికీ తెచ్చింది. న్యూజెర్సీలో ఉన్న కూతురు తెనాలిలో ఉన్న తండ్రికి ఫోన్‌లో 'నాన్నా, తెర మీద తొమ్మిది అంకెలు కనిపిస్తున్నాయా, మెల్లగా చదువు' అనడం ఎన్ని ఇళ్ళలో వినలేదు? ఆ అంకెలు పీపీ నంబరే. టీమ్‌వ్యూయర్ మొదట తన సొంత పోర్టు 5938 మీద బయటికి వెళ్ళడానికి చూస్తుంది, కుదరకపోతే 443, అదీ కుదరకపోతే 80. ఒక్కో తలుపూ తట్టి చూసుకునే ఓర్పు దాని ప్రాణం.

అయితే రోజంతా పక్కింటి ఫోన్‌లో మాట్లాడితే పక్కింటివాళ్ళు విసుక్కుంటారు. తెర బొమ్మలన్నీ మూడో చోటికి వెళ్ళి రావడం ఖర్చు, ఆలస్యం కూడా. హైదరాబాద్ నుంచి న్యూయార్క్ సుమారు 13 వేల కిలోమీటర్లు, గాజు తీగలో కాంతి వేగం సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు. తీగ నేరుగా వేసినా మౌస్ నొక్కుడు వెళ్ళి బొమ్మ తిరిగి రావడానికి 130 మిల్లీసెకన్లు కావాలి. అసలు తీగలు సముద్రాలు చుట్టి వెళ్తాయి కాబట్టి ఇంకా ఎక్కువే. మధ్యలో జర్మనీ మీదుగా తిప్పితే టైపు చేసిన అక్షరం కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. అందుకని పరిచయం వరకే మధ్యవర్తి, ఆ తర్వాత నేరుగా మాట్లాడుకోవాలనే ఉపాయం వచ్చింది. దాన్ని కన్నం పొడవడం అంటారు. బ్రయాన్ ఫోర్డ్, పైడా శ్రీసురేశ్, డాన్ కెగెల్ 2005లో దీని మీద చక్కటి పత్రం రాశారు.

పద్ధతి ముచ్చటగా ఉంటుంది. 'నీ అవతలివాడు ఫలానా చిరునామాలో, ఫలానా పోర్టులో ఉన్నాడు' అని మధ్యవర్తి ఇద్దరికీ చెబుతాడు. ఇద్దరూ దాదాపు ఒకేసారి ఒకరికొకరు ప్యాకెట్ పంపుకుంటారు. ముందు చేరిన ప్యాకెట్‌ను అవతలి గోడ మింగేస్తే మింగేయనివ్వండి. అది బయల్దేరేటప్పుడే ఇవతలి గోడ రిజిస్టరులో ఒక వరస పడింది: 'మనవాడు అతన్ని పలకరించాడు.' అవతలివాడి ప్యాకెట్ వచ్చేసరికి ఇవతలి వాచ్‌మన్ పుస్తకం చూసి, ఇది జవాబే కదా అని పంపేస్తాడు. అటూ అంతే. ఎవరూ తలుపు తీయలేదు, ఇద్దరూ జవాబుల్లా దూరారు. నిజానికి రెండూ పలకరింపులే! కొన్ని నాట్ పెట్టెలు మాత్రం ప్రతి కొత్త గమ్యానికీ కొత్త పోర్టు నంబరు ఇస్తాయి. అప్పుడు మధ్యవర్తి చెప్పిన నంబరు పనికిరాదు, మళ్ళీ పక్కింటి ఫోనే గతి. కంపెనీ గోడల వెనక ఇలాంటివే ఎక్కువ.

ఎస్‌ఎస్‌హెచ్ తెలిసినవాళ్ళకు మధ్యవర్తి కంపెనీ కూడా అక్కర్లేదు. లోపలి యంత్రం నుంచి బయట తమకున్న ఒక సర్వర్‌కు కనెక్షన్ తీసి, వెనక్కి పారే సొరంగం ఒకటి వదిలిపెట్టి వెళ్ళిపోతారు. వీఎన్‌సీలో కూడా చూసేవాడు 5500 పోర్టు మీద చెవి ఒగ్గి కూర్చుంటే, తెర ఉన్నవాడే ఫోన్ చేసే ఏర్పాటు ఉంది. అన్నీ ఒకే తిరగలి, పిడి ఎవరి చేతిలో ఉందన్నదే తేడా.

తీసిన సొరంగం తెగకుండా ఉంచడం ఇంకో కళ. వాచ్‌మన్ రిజిస్టరులో పేజీలు తక్కువ. కాసేపు ఉలుకూ పలుకూ లేని వరసలను అతను కొట్టేస్తాడు. ఒకసారి కుదిరిన కనెక్షన్‌ను కనీసం 2 గంటల 4 నిమిషాలైనా గుర్తుంచుకోవాలని 2008 నాటి ప్రమాణం ఒకటి నాట్ పెట్టెలకు చెబుతోంది. చాలా పెట్టెలు ఆ మాట వినవు. టీకి వెళ్ళి వచ్చేసరికి తెర గడ్డకట్టి ఉంటే, కారణం తరచూ అదే. అందుకే ఈ ప్రోగ్రాములు అర నిమిషానికో, నిమిషానికో ఏమీ లేని ఒక ప్యాకెట్ పంపి, పడుకున్న పిల్లాడు 'ఊఁ' కొట్టినట్టు, తాము మేలుకునే ఉన్నామని చెబుతుంటాయి.

ఇదంతా చదివాక గోడలు కట్టడం దండగేమో అనిపించవచ్చు. అడ్మిన్ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి అటు వైపు సంగతీ చెప్పాలి. వెనక్కి పారే సొరంగానికి తన యజమాని ఎవరో తెలియదు. ఉద్యోగి లోపల వదిలిన ఆ చిన్న ప్రోగ్రాం పాస్‌వర్డు బయటికి పొక్కితే, ఫైర్‌వాల్ కాపలా కాస్తూ ఉండగానే దొంగ ముందు గదిలో కూర్చుంటాడు. గోడ లేకుండా 3389ని నేరుగా బయట పెట్టినవాళ్ళ సంగతి మరీ ఘోరం. 2019 మే 14న మైక్రోసాఫ్ట్ ఆర్‌డీపీలో బ్లూకీప్ అనే లోపం ప్రకటించింది. పాస్‌వర్డు అడిగే ఘట్టానికి ముందే లోపలికి దూరనిచ్చే లోపం, దాన్ని వాడుకునే పురుగు ఒక యంత్రం నుంచి ఇంకోదానికి తనంతట తాను పాకగలదు. మైక్రోసాఫ్ట్ ఎంత భయపడిందంటే, ఎప్పుడో వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మళ్ళీ అతుకు వేసి ఇచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు ఎనీడెస్క్ అనే రిమోట్ డెస్క్‌టాప్ యాప్ పేరు చెప్పి మరీ బ్యాంకులను హెచ్చరించింది. మోసగాళ్ళు కస్టమర్ కేర్ అని ఫోన్ చేసి, యాప్ వేయించి, అంకెలు చదివించుకుని, యూపీఐ ఖాతా ఊడ్చేసేవారు. తెనాలి నాన్న చదివిన ఆ తొమ్మిది అంకెలే. చదివించుకున్నవాడు వేరు.

అడగకుండా కంపెనీ గోడకు కన్నం వేస్తే ఉద్యోగం పోతుంది, పోవడం న్యాయమే అంటాను. కానీ ఇన్నేళ్ళలో నేను చూసిన దొంగ సొరంగాల్లో ఎక్కువ భాగం దొంగలు తవ్వినవి కావు. శనివారం రాత్రి సర్వర్ పడిపోతే గంటన్నర ట్రాఫిక్‌లో ఆఫీసుకు రాలేక, అడిగితే అనుమతికి మూడు వారాలు పడుతుందని తెలిసి, పని మీద ప్రేమ ఉన్న కుర్రాళ్ళు తవ్వినవి. మంచి గేటు కట్టని చోట పెరటి గోడ దూకుతారు. ఆర్‌డీ గేట్‌వే లాంటిది ఒకటి పెట్టి, రెండో తాళంగా ఫోనుకు కోడ్ వచ్చేలా చేసి, ఎవరెప్పుడు వచ్చారో రాసుకుంటే, సొరంగాలు వాటంతటవే పూడిపోవడం కూడా చూశాను.

2020 మార్చిలో ఈ పరీక్ష దేశమంతటికీ ఒకేసారి వచ్చింది. కాల్‌సెంటర్లూ బీపీవోలూ ఇంటి నుంచి పనిచేయించాలంటే టెలికం శాఖ నిబంధనలు చాలా అడ్డుపడేవి. మార్చి 13న వాటిని సడలించారు. 25 నుంచి లాక్‌డౌన్. మాదాపూర్, గచ్చిబౌలి టవర్ల నుంచి సీపీయూలను ఆటోల్లో, క్యాబుల్లో ఇళ్ళకు మోసుకెళ్ళిన వారం అది. మోసుకెళ్ళలేనివాళ్ళకు రిమోటే గతి. గేట్‌వేలు ముందే కట్టుకున్న కంపెనీలకు లైసెన్సులు పెంచుకోవడమే పని. కట్టుకోనివాళ్ళలో కొందరు ఫైర్‌వాల్‌లో 3389 బార్లా తెరిచేశారు. ఆ తలుపులు ఎన్నాళ్ళు అలా ఉన్నాయో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

గూగుల్ అప్పటికే వేరే దారి పట్టింది. 2009లో తన మీద జరిగిన చొరబాటు తర్వాత, గోడ లోపల ఉన్నవాడు మనవాడన్న నమ్మకమే వదిలేసి, ఏ మనిషి, ఏ యంత్రం, ఏ పని అని ప్రతిసారీ అడిగే బియాండ్‌కార్ప్ అనే ఏర్పాటు కట్టుకుంది. 2014లో దాని గురించి ప్రచురించింది కూడా. ఇప్పుడు అందరూ ఆ మాటే అంటున్నారు. సాదాసీదా ఆఫీసులో మాత్రం గోడ ఇంకా గోడే.

ఆ రాత్రి నా గోడ కూడా. ఆఫీసు నంబరుకు ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు ఎక్స్‌టెన్షన్ నొక్కమంది. గేటు దగ్గరి ఇంటర్‌కామ్ నంబరు ఎప్పుడూ కనుక్కున్న పాపాన పోలేదు. బండి తీసి వెళ్దామని చెప్పులు వేసుకుంటుండగా ఫోన్ మోగింది. వాచ్‌మన్. లోపలి నుంచి సున్నా నొక్కి చేశాడు.

'సార్, మీది మస్తరు బుక్కుల దొరికింది. పైన నైట్ షిఫ్టు పిల్లలు నెట్టు వస్తలేదని లొల్లి పెడుతున్రు.'

మా రౌటర్‌లో జాబితా రెండు చోట్ల ఉంటుంది: ఇప్పుడు నడుస్తున్నది ఒకటి, దాచిపెట్టింది ఒకటి. నా మార్పును నేను దాచలేదు. కరెంటు తీసి వేస్తే పాతదే మళ్ళీ లేస్తుంది.

'అన్నా, నీ దగ్గర సర్వర్ రూమ్ తాళం ఉందా?'

'గుత్తిల ఉంటది సార్.'

తలుపు తీసిన చప్పుడు, ఏసీ హోరు. ఎత్తు బీరువాలో పై నుంచి రెండో పెట్టె, వెనక నల్ల స్విచ్చు. ఆపి, పది లెక్కపెట్టి వెయ్యమన్నాను. అతను ఫోన్ పక్కన పెట్టకుండానే పైకి లెక్కపెట్టాడు, ఒక్కో అంకెకూ ఊపిరి తీసుకుంటూ. పది అన్నాక టక్కుమని వినిపించింది.

'పచ్చ లైట్లు వస్తున్నయి సార్. మల్ల పోతున్నయి. మల్ల వచ్చినయి.'

కనెక్ట్ నొక్కాను. ఒకటి, రెండు, మూడో సెకనులో పాస్‌వర్డు అడిగింది. ఆ రోజు నుంచి దూరాన ఉన్న రౌటర్ ముట్టుకునే ముందు 'పది నిమిషాల్లో నీ అంతట నువ్వే రీస్టార్ట్ అవు' అన్న ఆజ్ఞ ముందుగా ఇస్తాను, పని సవ్యంగా అయితే దాన్ని రద్దు చేస్తాను. గేటు ఇంటర్‌కామ్ నంబరు 109.